డార్విన్ కప్ప ఎక్కడ ఉంటుంది, ఎలాంటి చోట బతుకుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

డార్విన్ కప్ప గురించి ఎక్కడ మాట వచ్చినా ముందు "తండ్రి గొంతులో పిల్లలు పెరుగుతాయట కదా" అంటారు. ఆ వెంటనే ప్రశ్నలు మొదలవుతాయి: అమెజాన్‌లో ఉంటుందా, గాలపాగోస్‌లోనా, చెరువుల్లోనా, ఇంకా మిగిలి ఉందా? ప్రతిసారీ విడివిడిగా జవాబు రాయడం కన్నా అన్నీ ఒకచోట పెట్టడం మేలనిపించింది. దేనికది పూర్తి జవాబే కాబట్టి, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదటి సందేహాలు

అసలు డార్విన్ కప్ప అంటే ఏ కప్ప? చూస్తే ఎలా గుర్తుపట్టాలి?

శాస్త్రీయ నామం రైనోడెర్మా డార్వినీ. సుమారు 3 సెంటీమీటర్ల పొడవుండే చిన్న కప్ప. ముక్కు చివర కండతో చేసిన మొనలాంటిది ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఒక్క ఆ ముక్కు చాలు, వేరే కప్పతో పొరబడం. వీపు రంగు మాత్రం నమ్ముకోదగ్గది కాదు. ఒకటి లేత ఆకుపచ్చగా, పక్కనే ఉన్నది ఎండుటాకు రంగులో, మూడోది రెండూ కలిసిన మచ్చలతో ఉండవచ్చు. పొట్ట కింద నలుపు తెలుపు మచ్చలు ఉంటాయి. భయపడితే వెల్లకిలా పడి చచ్చినట్టు నటిస్తుంది, అప్పుడు ఆ నలుపు తెలుపు బయటికి కనిపిస్తుంది. చిలీలో దీన్ని 'రనీతా దె డార్విన్' అనీ, కొన్ని చోట్ల 'సపీతో వకేరో' అనీ పిలుస్తారు.

డార్విన్ పేరు ఉంది కాబట్టి ఇది గాలపాగోస్ దీవుల్లోదేనా?

కాదు. గాలపాగోస్‌లో సహజంగా పుట్టిన కప్ప ఒక్కటీ లేదు. ఇప్పుడు అక్కడ కనిపించే చెట్టుకప్ప 1990లలో ఖండం నుంచి మనుషుల సామానుతో పాటు చేరింది. డార్విన్ ప్రయాణించిన బీగిల్ ఓడ గాలపాగోస్ చేరకముందే, 1834-35లో దక్షిణ చిలీ తీరం వెంట తిరిగింది. డార్విన్ ఈ కప్పను సేకరించింది అక్కడే. 1841లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు దుమెరిల్, బిబ్రోన్ దీన్ని వర్ణించి ఆయన పేరు పెట్టారు. మన పాఠ్యపుస్తకాల్లో డార్విన్ అంటే గాలపాగోస్ పిచ్చుకలే కాబట్టి ఈ పొరపాటు ఎప్పటికీ పోయేలా లేదు.

దక్షిణ అమెరికా కప్ప అంటే అమెజాన్ అడవే కదా?

అమెజాన్‌కూ దీనికీ సంబంధమే లేదు. ఇది ఖండం దక్షిణ భాగంలో, చలి ఎక్కువగా ఉండే సమశీతోష్ణ వర్షారణ్యంలో ఉంటుంది. దాన్ని వాల్దీవియా వర్షారణ్యం అంటారు. పశ్చిమాన పసిఫిక్ సముద్రం, తూర్పున ఆండీస్ కొండలు. సముద్రం మీది తేమ గాలి కొండలకు తగిలి ఏడాదిలో ఎక్కువ నెలలు వాన కురుస్తుంది. ఉత్తరానికి పోతే పొడి నేల, ఇంకా పైకి పోతే అటకామా ఎడారి. తూర్పుకు దిగితే పటగోనియా గడ్డి మైదానం. అంటే ఈ అడవి చుట్టూ పొడి ప్రాంతాలతో, నేల మీదే ఒక దీవిలా విడిపోయి ఉంది. అక్కడి జంతువులూ మొక్కలూ చాలావరకు ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించకపోవడానికి కారణం అదే.

## మ్యాప్ ముందు పెట్టుకున్నాక

ఏ దేశాల్లో, కచ్చితంగా ఏయే ప్రాంతాల్లో ఉంది?

రెండే దేశాలు: చిలీ, అర్జెంటీనా. అందులోనూ సింహభాగం చిలీదే. ఉత్తరాన కొన్సెప్సియోన్ నగర పరిసరాల నుంచి మొదలై బియోబియో, అరౌకానియా, లోస్ రియోస్, లోస్ లాగోస్ ప్రాంతాల మీదుగా దక్షిణాన ఐసెన్ దాకా దీని రికార్డులు ఉన్నాయి. అక్షాంశాల్లో చెప్పాలంటే సుమారు 37 నుంచి 45 డిగ్రీల దక్షిణం. తీరం వెంట ఉన్న కొండల వరస మీదా, ఆండీస్ పడమటి వాలు మీదా, చిలోయె దీవిలో కూడా కనిపిస్తుంది. ఖండం చిట్టచివరి తియెర్రా దెల్ ఫువేగో దాకా మాత్రం వెళ్లదు.

అర్జెంటీనాలో ఎందుకు అంత సన్నటి పట్టీకే పరిమితం?

వాన వల్ల. పసిఫిక్ నుంచి వచ్చే మేఘాలు ఆండీస్ ఎక్కేటప్పుడే దాదాపు అన్నీ ఖాళీ అయిపోతాయి. నహుయెల్ హుయాపి జాతీయ ఉద్యానవనంలో సరిహద్దుకు ఆనుకుని ఉన్న ప్వెర్తో బ్లెస్త్ దగ్గర ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. హైదరాబాద్‌లో పడేదానికి ఇది మూడు రెట్ల పైనే. అదే ఉద్యానవనంలో, అదే పేరున్న సరస్సు వెంట తూర్పుకు బరిలోచే ఊరి వైపు వస్తుంటే వాన గబగబా తగ్గిపోతుంది. ఊరు దాటాక అడవి పోయి గడ్డి మైదానం వచ్చేస్తుంది. తేమ అడవి లేనిదే ఈ కప్ప బతకదు కాబట్టి నెఉకెన్, రియో నెగ్రో రాష్ట్రాల్లో చిలీ సరిహద్దును అంటిపెట్టుకున్న కొద్ది చోట్లే దానికి మిగిలాయి. నహుయెల్ హుయాపి, లానిన్ జాతీయ ఉద్యానవనాలు వాటిలో ముఖ్యమైనవి.

ఉత్తరం వైపు కొన్సెప్సియోన్ దగ్గరే ఎందుకు ఆగిపోయింది?

రెండు కారణాలు కలిశాయి. ఒకటి, ఉత్తరానికి వెళ్లేకొద్దీ వేసవి పొడిగా, పొడవుగా మారుతుంది, అడవి పలచబడుతుంది. రెండోది, అక్కడ దీని దగ్గరి బంధువు ఉండేది. దాని పేరు రైనోడెర్మా రూఫమ్, ఉత్తర డార్విన్ కప్ప. వల్పరాయిసో ప్రాంతంలోని జపాయార్ నుంచి అరౌకో దాకా మధ్య చిలీలో దాని నివాసం. రెండు జాతులూ కలిసిన చోటు కొన్సెప్సియోన్, అరౌకో చుట్టుపక్కలే. చాలాకాలం పాటు రెండింటినీ ఒకే జాతిగా లెక్కేశారు. 1975లో వేరని తేల్చారు. అందువల్ల పాత పుస్తకాల్లో "మధ్య చిలీ నుంచి" అని రాసి ఉంటే అది రెండు జాతులు కలిపిన లెక్క అనుకోవాలి.

ఉత్తర కప్పను చివరిసారి చూసినట్టు రుజువైంది 1981లో. ఆ తర్వాత ఎన్నిసార్లు వెతికినా దొరకలేదు. అధికారికంగా అంతరించిందని ఇంకా ప్రకటించలేదు. 'అత్యంత ప్రమాదంలో, బహుశా అంతరించి ఉండవచ్చు' అన్న వర్గంలో ఉంచారు. వ్యక్తిగతంగా నాకు పెద్దగా ఆశ లేదు. అది ఉండిన ప్రాంతమే చిలీలో జనాభా, వ్యవసాయం అన్నిటికన్నా దట్టంగా ఉన్న చోటు.

మ్యాప్‌లో అంత పొడవున రంగు వేసి ఉంటుంది. అంటే ఆ ప్రాంతమంతా కప్పలే ఉంటాయా?

ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. జాతుల విస్తరణ పటం తయారయ్యేది ఇలా: ఇప్పటిదాకా దొరికిన చోట్లను చుక్కలుగా పెట్టి, చుట్టూ గీత గీసి, లోపల రంగు నింపుతారు. "ఈ గీత బయట వెతకడం దండగ" అని మాత్రమే ఆ రంగు చెబుతుంది. లోపల అడుగడుగునా కప్ప ఉందని చెప్పదు.

చిలీలో తీర పర్వతాలకూ ఆండీస్‌కూ మధ్య పొడవాటి లోయ ఉంది. తెముకో, ఒసోర్నో లాంటి పట్టణాలు, గోధుమ పొలాలు, పాడి పశువుల పచ్చిక బయళ్లు అన్నీ అందులోనే. ఒకప్పుడు అదంతా అడవి. ఇప్పుడు చాలాచోట్ల ఆ అడవి లేదు. కాబట్టి తీర కొండల మీది కప్పలకూ ఆండీస్ వైపు కప్పలకూ మధ్య రాకపోకలు దాదాపు లేవు. ఒకే కొండ మీద కూడా ఒక వాగు పక్కన చిన్న గుంపు, దానికి కిలోమీటర్ల దూరంలో ఇంకో గుంపు, మధ్యలో పొలం. నిజమైన పటం గీస్తే చెదిరిన ఆవగింజల్లా ఉంటుంది. ఈ కప్ప భవిష్యత్తు గురించి ఎవరైనా మాట్లాడితే, ఎన్ని చదరపు కిలోమీటర్లు అని కాదు, ఎన్ని గుంపులు, ఒక్కో గుంపులో ఎన్ని అని అడగండి.

ఎంత ఎత్తు దాకా కనిపిస్తుంది?

సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న తీరపు అడవుల నుంచి 1,000 మీటర్లు దాటిన కొండ వాలుల దాకా. ఇంకా పైకి వెళ్తే చలికాలంలో మంచు ఎక్కువ కాలం నిలుస్తుంది.

దక్షిణాన ఉన్న కప్పలు ఎప్పటినుంచో అక్కడే ఉన్నాయా?

ఉండే అవకాశం లేదు. సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగం ఉధృతంగా ఉన్నప్పుడు దక్షిణ ఆండీస్, దాని పాదాల దగ్గరి సరస్సుల ప్రాంతం, చిలోయె దీవిలో పెద్ద భాగం మంచు పలకల కింద ఉన్నాయి. మంచు ఎక్కని తీర కొండల్లో, ఇంకా ఉత్తరాన అడవి తలదాచుకుంది. మంచు కరిగాక చెట్లు దక్షిణానికి పాకాయి, చెట్ల వెనుక కప్పలు వెళ్లాయి. ఈరోజు ఐసెన్‌లో కనిపించే కప్ప ఆ లెక్కన కొత్త కాపురం పెట్టినట్టే.

## అడవిలోకి దిగాక

ఏ చెట్ల అడవిలో ఉంటుంది?

నోథోఫాగస్ అనే దక్షిణార్ధగోళపు చెట్ల అడవి దీని అసలు ఇల్లు. ముఖ్యంగా కొయివే అనే పచ్చగా నిలిచే రకం. వాటితో పాటు ఉల్మో, తేపా, కనేలో లాంటి స్థానిక చెట్లు, వాటి కింద కీలా అని పిలిచే వెదురు పొదలు, ఫెర్న్‌లు. చెట్టు పేరు కన్నా ముఖ్యమైంది అడవి వయసు. ముదిరిన అడవిలో పడిపోయిన మానులు కుళ్లుతూ ఉంటాయి, నేల మీద ఆకుల పొర మందంగా ఉంటుంది, నాచు అన్నిటినీ కప్పేస్తుంది. కప్పకు కావలసిన తేమ ఆ పొరలోనే నిలుస్తుంది.

అంత పెద్ద అడవిలో ఇది సరిగ్గా ఎక్కడ కూర్చుంటుంది?

నేల మీద. చెట్లెక్కే రకం కాదు. రాలిన ఆకుల మధ్య, నాచు మెత్తల మీద, పడిపోయిన మొద్దు పక్కన, ఫెర్న్ మొదట్లో. నెమ్మదిగా పారే వాగుల దగ్గర, నీరు ఊరే బురద నేలల్లో ఎక్కువగా దొరుకుతుంది. దట్టమైన చీకటి కన్నా కాస్త వెలుతురు దిగే చోట్లు దీనికి ఇష్టం. చెట్టు కూలి ఆకాశం కనిపించే ఖాళీ, అడవి అంచు లాంటివి.

ఇంకో సంగతి, ఇది పగలు తిరిగే కప్ప. మన వానాకాలపు రాత్రుల కప్పల గోలకు అలవాటుపడ్డ వాళ్లు టార్చిలైటు పట్టుకుని వెతకాలనుకుంటారు. అక్కర్లేదు. మగ కప్ప పగటిపూటే పిలుస్తుంది, ఆ పిలుపు కూడా పిట్ట కిచకిచలా సన్నగా ఉంటుంది. పిట్టేమో అనుకుని తల పైకెత్తి చూస్తే దొరకదు.

కప్ప కదా, నీళ్లలో ఉండదా?

నీటి పక్కన ఉంటుంది, నీటిలో ఉండదు. ప్రమాదం వస్తే వాగులోకి దూకి పొట్ట పైకి పెట్టి తేలుతూ పోవడం మాత్రం చూశారు. గుడ్లు పెట్టడానికి కూడా దీనికి చెరువు అక్కర్లేదు, తడి నేల చాలు.

ఒక్కో కప్ప ఎంత దూరం తిరుగుతుంది?

చాలా తక్కువ. గుర్తుపట్టి వెంబడించిన కప్పలు ఎక్కువగా కొద్ది చదరపు మీటర్ల జాగాలోనే గడిపాయి. పొట్ట మీది నలుపు తెలుపు మచ్చలు మన వేలిముద్రల్లా ఒక్కోదానికి ఒక్కో రకంగా ఉంటాయి. అందుకే ఫొటోలు తీసి పోల్చుకుంటూ, అదే కప్పను ఏళ్ల తరబడి గుర్తుపట్టగలుగుతున్నారు. వేటాడే పద్ధతి కూడా ఈ బతుక్కి తగ్గట్టే ఉంటుంది. కదలకుండా కూర్చుని, దగ్గరికొచ్చిన పురుగును పట్టుకుంటుంది. ఈ స్థిరత్వం దాని రంగుకు, దాక్కోవడానికి బాగా కలిసొస్తుంది. కానీ అడవి ముక్కలైతే ఇదే దాని కొంప ముంచుతుంది. రోడ్డు దాటి, పొలం దాటి, ఇంకో అడవికి వలస పోయే ఓపిక ఈ కప్పకు లేదు.

మంచు పడే చలికాలంలో ఏం చేస్తుంది?

కుళ్లిన మొద్దుల కింద, రాళ్ల కింద, మందమైన నాచు లోపల దాక్కుంటుంది. అక్కడి శీతకాలం జూన్ నుంచి ఆగస్టు దాకా. వేడి తిరిగి మొదలయ్యాకే బయట కనిపిస్తుంది.

## పిల్లల దశలో

తండ్రి నోట్లో పిల్లలు పెరుగుతాయన్నది నిజమేనా?

నిజమే, కాకపోతే నోట్లో కాదు, గొంతు సంచిలో. మగ కప్పలు పిలవడానికి ఉబ్బించే సంచి ఇది. ఆడ కప్ప తడి ఆకుల మధ్య గుడ్లు పెడుతుంది. మగది వాటి దగ్గర సుమారు 3 వారాలు కాపలా ఉంటుంది. గుడ్డులో పిల్ల కదలడం మొదలవగానే నోట్లోకి తీసుకుంటుంది, అవి నాలుక కింది చీలికల గుండా సంచిలోకి జారతాయి. అక్కడ 6 నుంచి 8 వారాలు ఉంటాయి. సంచి ఒళ్లంతా పాకి, తండ్రి పక్కలు ఉబ్బిపోతాయి. గుడ్డులోని పచ్చసొనతో పాటు సంచి గోడల నుంచి ఊరే ద్రవం కూడా వాటికి ఆహారం. చివరికి తోక కరిగిపోయి, పూర్తి కప్ప పిల్లలుగా తండ్రి నోట్లోంచి బయటికి దూకుతాయి.

పూర్వం వీటిని కోసి చూసినప్పుడు, లోపల పిల్లలున్నాయి కాబట్టి ఇది పిల్లలను కనే ఆడ కప్ప అనుకున్నారు. 1872లో స్పెయిన్ శాస్త్రవేత్త హిమెనెజ్ దె లా ఎస్పాదా అవి తండ్రులని తేల్చారు.

ఆ పద్ధతికీ ఇది ఉండే చోటుకీ సంబంధం ఏమైనా ఉందా?

చాలా ఉంది. తోకకప్ప దశ మొత్తం తండ్రి ఒంట్లోనే గడిచిపోతుంది కాబట్టి చెరువు, కుంట ఏదీ అక్కర్లేదు. చేపలు తినేస్తాయన్న భయం లేదు, వాగు వరదకు కొట్టుకుపోతాయన్న టెన్షన్ లేదు. నిలవ నీరు లేని ఏటవాలు అడవిలో కూడా కాపురం పెట్టవచ్చు. అయితే ఆ స్వేచ్ఛకు షరతు ఉంది: గుడ్లున్న 3 వారాలు నేల మీది ఆకులు ఎండిపోకూడదు. పైన గొడుగులా చెట్లు ఉంటేనే అది జరుగుతుంది.

ఉత్తర జాతి మాత్రం పూర్తిగా నీటిని వదులుకోలేదు. దాని మగ కప్ప పిల్లలను కొద్ది రోజులు మోసి వాగులో వదిలేసేది, మిగతా ఎదుగుదల నీళ్లలోనే.

## తగ్గిపోతున్న దశలో

అడవి కొట్టేసినా అక్కడ మళ్లీ చెట్లే వేస్తున్నారు కదా, నష్టమేముంది?

వేసేది అదే అడవి అయితే గొడవే లేదు. చిలీలో 1974లో వచ్చిన 701వ నంబరు డిక్రీ చట్టం ప్లాంటేషన్లకు సబ్సిడీ ఇచ్చింది. ఆ తర్వాత తీర కొండల మీద మైళ్ల కొద్దీ రేడియాటా పైన్, యూకలిప్టస్ తోటలు వచ్చాయి. యూకలిప్టస్ అంటే మన ఖమ్మం, ప్రకాశం వైపు జామాయిల్ అని పిలిచేదే. జామాయిల్ తోటలో నడిచిన వాళ్లకు తెలుసు, కింద నేల ఎలా ఉంటుందో. వరసలుగా ఒకే వయసు చెట్లు, నాచు లేదు, కుళ్లే మొద్దులు లేవు. కొన్నేళ్లకోసారి మొత్తం నరికేస్తారు కూడా. ఉపగ్రహ చిత్రంలో అది పచ్చగానే కనిపిస్తుంది, కప్ప లెక్కలో మాత్రం బంజరు. ఈ కప్ప విస్తరణలో ఉత్తర భాగం అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్నది ఇందుకే.

మరి రక్షిత అడవుల్లో కూడా ఎందుకు మాయమవుతోంది?

కైట్రిడ్ అనే ఫంగస్ వల్ల. ఇది కప్ప చర్మానికి పడుతుంది. కప్పకు చర్మమే సగం ఊపిరితిత్తి, నీళ్లు తాగేదీ చర్మంతోనే, ఒంట్లో లవణాల సమతుల్యం కూడా దాని మీదే. చర్మం పాడైతే చివరికి గుండె ఆగిపోతుంది. ప్రపంచమంతటా వందల రకాల ఉభయచరాలను తగ్గించేసిన ఫంగస్ ఇదే.

డార్విన్ కప్ప విషయంలో ఇంకో చిక్కుంది. పరీక్ష చేస్తే ఫంగస్ సోకినవి చాలా కొద్దిగానే దొరుకుతాయి. దాన్ని చూసి "ఇక్కడ జబ్బు పెద్దగా లేదు" అనుకునే ప్రమాదం ఉంది. సోకినవి త్వరగా చచ్చిపోవడం వల్లే అవి లెక్కలోకి రావడం లేదని 2017లో వచ్చిన అధ్యయనం చూపింది. పక్కన ఉండే వేరే జాతుల కప్పలు ఈ ఫంగస్‌ను మోస్తూ కూడా బతికేస్తాయి, కాబట్టి డార్విన్ కప్పలు తగ్గిపోయినా ఫంగస్ తగ్గదు. కంచె వేసి, గార్డును పెట్టి కాపాడగలిగింది చెట్లను మాత్రమే.

చిలోయె దీవిలో ఏం జరిగింది?

దీవి దక్షిణ కొసలో తాంతౌకో అనే ప్రైవేటు పార్కు ఉంది, వైశాల్యం 1,18,000 హెక్టార్ల దాకా. మనుషుల రాకపోకలు తక్కువ, అడవి బాగుంది. డార్విన్ కప్పలకు ఇది చివరిదాకా భద్రమైన చోటని అందరూ అనుకున్నారు. 2023లో అక్కడ కైట్రిడ్ బయటపడింది. గమనిస్తూ వచ్చిన గుంపులో ఏడాది తిరగకముందే 90 శాతం దాకా పోయాయి. 2024లో 50కి పైగా ఆరోగ్యమైన కప్పలను పట్టుకుని పడవ, కారు, విమానం మీద లండన్ జూకు తరలించారు. వాటిలో 11 మగ కప్పలు దారంతా గొంతు సంచిలో పిల్లలను మోసుకుంటూనే వెళ్లాయి. అక్కడ 33 పిల్లలు బయటికి వచ్చాయి. బతికించడం అయితే జరిగింది, తిరిగి వదలడానికి ఫంగస్ లేని అడవి కావాలి. అసలు సమస్య ఇంకా అక్కడే ఉంది.

ప్రభుత్వాలు ఏమైనా చేస్తున్నాయా?

ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ఇది 'అంతరించే ప్రమాదంలో' ఉన్న జాతి. చిలీ, అర్జెంటీనా సంస్థలు కలిసి 2018లో రెండు దేశాల ఉమ్మడి రక్షణ వ్యూహం తెచ్చాయి. చిలీలో శాంతియాగో జూలోనూ, కొన్సెప్సియోన్ విశ్వవిద్యాలయంలోనూ కప్పలను పెంచే కేంద్రాలు నడిపారు. నన్నడిగితే ఇవన్నీ అవసరమే కానీ, అడవి ముక్కలను కలిపే పని ఇంకా వేగంగా జరగాలి.

## వెళ్లి చూడాలనుకుంటే

టూర్‌కు వెళ్తే ఎప్పుడు, ఎక్కడ చూడొచ్చు?

అక్కడి వసంతం, వేసవి మంచి కాలం, అంటే నవంబరు నుంచి మార్చి దాకా. మన సెలవులను బట్టి మే నెలలో వెళ్తే అక్కడ చలి మొదలై ఉంటుంది. చిలీలో వీలో వీలో రిజర్వు, అర్జెంటీనాలో ప్వెర్తో బ్లెస్త్ చుట్టుపక్కల అడవులు దీనికి తెలిసిన చోట్లు. స్థానిక గైడు లేకుండా దొరకడం కష్టం. నడిచే దారి దాటి ఆకుల మీదికి వెళ్లకండి, కాలి కింద ఉన్నా కనిపించనంత బాగా దాక్కుంటుంది.

వెళ్లేముందు బూట్లకు అంటిన మట్టి పూర్తిగా కడిగి, క్రిమిసంహారక మందుతో శుభ్రం చేసి, బాగా ఆరబెట్టాలి. ఒక అడవి నుంచి ఇంకో అడవికి మారినప్పుడూ ఇదే పని. తడి మట్టిలో ఫంగస్ ప్రయాణం చేస్తుంది. కప్పను చేత్తో ముట్టుకోవద్దు.

ఇంట్లో టెర్రేరియంలో (మట్టి, మొక్కలు ఉంచిన గాజు పెట్టెలో) పెంచుకోవచ్చా?

వద్దు. చిలీ చట్టం ప్రకారం అడవి నుంచి పట్టడమే నేరం. పైగా ఏడాది పొడవునా చల్లగా, తడిగా ఉండే గాలి దీనికి కావాలి. మన ఎండాకాలంలో ఒక్క కరెంటు కోత చాలు దాని పని అయిపోవడానికి. ఇంకో కారణం కూడా ఉంది, కప్పల వ్యాపారం వల్లే కైట్రిడ్ ఖండాలు దాటిందని 2018లో వచ్చిన జన్యు అధ్యయనం చెబుతోంది. దాని మూలం తూర్పు ఆసియాలో ఉందట.

ఆ ఫంగస్ మన దేశంలో కూడా ఉందా?

ఉంది. పశ్చిమ కనుమల కప్పల్లో కనిపించింది. దక్షిణ అమెరికాలో జరిగినట్టు గుంపులు గుంపులుగా చనిపోయిన దాఖలా మాత్రం ఇక్కడ లేదు.

ఫొటో దొరికితే లొకేషన్‌తో సహా పెట్టొచ్చా?

ఫొటో పెట్టండి, పరిశోధకులకు పనికొస్తుంది. కచ్చితమైన లొకేషన్ మాత్రం పబ్లిక్‌గా పెట్టకండి. జీవజాతుల ఫొటోలు పంచుకునే ఐనేచురలిస్ట్ వెబ్‌సైట్‌లో ఎక్కిస్తే ప్రమాదంలో ఉన్న జాతుల చోటును అదే మసకబారుస్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఆ సదుపాయం లేదు కాబట్టి పార్కు పేరు రాసి వదిలేస్తే సరిపోతుంది. పొట్ట మచ్చలు కనపడాలని కప్పను తిప్పి ఫొటో తీయొద్దు, ఆ పని అనుమతి ఉన్న పరిశోధకులది.